ట్రాక్టర్‌కి ముందు బకెట్ బిగించారు, ఆయిల్ ఫిల్టర్‌కి దారి మూసేశారు

2024 మార్చిలో మా 50 హెచ్‌పీ ట్రాక్టర్‌కి ఫ్రంట్ లోడర్ పెట్టించాం. మా వైపు దాన్ని ముందు బకెట్ అంటారు. ఏడాది పైనే వాడాను కాబట్టి ఇప్పుడు రాస్తే కొనబోయే వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. బకెట్ ఎలా ఉందంటే బాగుంది. బిగించిన తీరు గురించి మాత్రం చాలా చెప్పాలి, ఎందుకంటే ఆ బిగింపు వల్ల మా ఇంజన్ ఆయిల్ ఫిల్టర్ బయటికి రాకుండా అయిపోయింది, ఆ సంగతి మాకు తెలిసేటప్పటికి ఇంజన్‌లో ఆయిల్ మొత్తం కింద టబ్బులో ఉంది. కంపెనీ పేరు, డీలర్ పేరు రాయడం లేదు. ఎవరి దగ్గర కొన్నా చూసుకోవాల్సిన విషయాలే ఇవి.

మాది సత్తెనపల్లి వైపు, పత్తి, మిరప వేస్తాం. వేసవిలో పశువుల ఎరువు కొని చేలకి తోలించుకోవాలి. ట్రక్కు, అంటే ట్రాక్టర్ వెనక ట్రాలీ, నింపడానికి నలుగురు మనుషులు తట్టలతో మోస్తే గంటన్నర పట్టేది, అదీ మనుషులు దొరికితే. పొద్దున ఆరింటికి వస్తామన్న వాళ్ళు రాకపోతే ట్రాక్టర్, డ్రైవర్, ఎరువు అమ్మినాయన అందరూ ఖాళీగా కూర్చోవాల్సిందే. ఆ టెన్షన్ పడలేకే బకెట్ తీసుకున్నాం. బిగింపుతో కలిపి 2 లక్షల 85 వేలు చెప్పారు, లక్ష అడ్వాన్సు ఇచ్చాం.

బిగించడానికి పొద్దున్నే వస్తామని సాయంత్రం నాలుగింటికి వచ్చారు ఇద్దరు కుర్రాళ్ళు, ఆటో ట్రాలీలో సామాను వేసుకుని. మా దొడ్లో వేపచెట్టు కొమ్మకి చైన్ పుల్లీ కట్టి బకెట్ చేతులు రెండూ ఎత్తిపెట్టారు. ఇక్కడిదాకా బాగానే చేశారు. ఈ లోడర్‌కి అసలు ఆధారం ఇంజన్‌కి రెండు పక్కలా బిగించే మందపాటి ఇనప ప్లేట్లు. అవి ముందు యాక్సిల్ సపోర్ట్ దగ్గర నుంచి క్లచ్ హౌసింగ్ దాకా వస్తాయి, బకెట్‌లో ఎత్తిన బరువంతా వాటి మీదే పడుతుంది. ఎడమ పక్క ప్లేటు బాగానే కూర్చుంది. కుడి పక్క ప్లేటుకి నాలుగు బోల్టులు పట్టాయి, మిగతా రెండింటికీ రంధ్రాలు కలవలేదు, దాదాపు అర అంగుళం తేడా. గడ్డపార పెట్టి ఎత్తి చూశారు, కలవలేదు. అప్పుడు పెద్దవాడు "ఏం పర్లేదు బాబాయ్, ఒక్కోసారి అలాగే వస్తాయి, కొంచెం లాగితే సరిపోద్ది" అని పక్క ఊరి వెల్డింగ్ షాపు నుంచి గ్యాస్ సిలిండర్ తెప్పించి ప్లేటుకున్న రంధ్రాలని కోసి కోడిగుడ్డు ఆకారంలోకి తెచ్చాడు. నయం, కోసింది ప్లేటునే, ట్రాక్టర్ బాడీని కాదు.

నాకు అప్పుడే అడగాలనిపించింది. కొత్త సామాను, కంపెనీలో కొలత పెట్టి చేసింది, దానికి రంధ్రం కలవకపోవడం ఏమిటి అని. చీకటి పడిపోతోంది, వాళ్ళు కూడా అన్నం తినకుండా పని చేస్తున్నారు, పోనీలే అనుకున్నాను. ఆ రోజు నేను ఆపి అడిగి ఉంటే తర్వాత జరిగిందేదీ జరిగేది కాదు. బోల్టులు బిగించడానికి టార్క్ రెంచ్ (ఎంత బిగువు కావాలో అంతే బిగించే పానా) లేదు, పానాకి పైపు తొడిగి ఇద్దరూ కలిసి లాగారు. రాత్రి తొమ్మిదిన్నరకి బకెట్ పైకి లేచింది, కిందికి దిగింది, మిగతా డబ్బులు ఇచ్చేశాం, వెళ్ళిపోయారు.

వాడకంలో బకెట్ మీద నాకు ఫిర్యాదు లేదు. ట్రక్కు ఎరువు పావుగంటలో నిండిపోతుంది. పత్తి కట్టె చేను గట్టుకి నెట్టడానికి, దొడ్లో మెరక తోలుకోవడానికి, వానకి కోసుకుపోయిన బండి దారి సర్దుకోవడానికి, అన్నిటికీ పనికొచ్చింది. వెల్డింగులు గట్టిగా ఉన్నాయి, సిలిండర్ల దగ్గర ఇప్పటివరకు ఒక్క చుక్క ఆయిల్ కారలేదు, బకెట్ అంచు పట్టీ కూడా పెద్దగా అరగలేదు. మొదటి పన్నెండు గంటల్లోనే కుడి పక్క నుంచి టక్ టక్ మని చప్పుడు వచ్చింది, చూస్తే ఆ కోసిన రంధ్రాల దగ్గర బోల్టులు లూజయ్యాయి. బిగించాను. మళ్ళీ వారానికి లూజు. నిజానికి కొత్తగా బిగించిన ఏ లోడర్‌కైనా మొదటి పది గంటల తర్వాత బోల్టులన్నీ ఒకసారి బిగించుకోవాలి, ఆ మాట ఆ కుర్రాళ్ళు చెప్పలేదు. మా మేస్త్రి చెప్పిన పద్ధతి ఒకటి చాలా బాగా పనికొచ్చింది: బోల్టు తల మీద నుంచి ప్లేటు మీదకి తెల్ల పెయింటుతో ఒక గీత గీసి పెట్టుకోవాలి. గీత తెగి పక్కకి జరిగి కనిపిస్తే బోల్టు తిరిగినట్టే. పానా పెట్టి చూడక్కర్లేదు, పొద్దున బండి ఎక్కేముందు కంటితో చూస్తే చాలు.

వెనక బరువు సంగతి కూడా ఎవరూ చెప్పరు. ముందు బకెట్‌లో ఆరేడు వందల కిలోలు ఎత్తితే వెనక టైర్లు తేలిపోతాయి, వెనక టైర్లు తేలితే బ్రేకు పట్టదు, ఎందుకంటే మన ట్రాక్టర్లకి బ్రేకులు ఉండేది వెనక చక్రాలకే. దిగుడు బాటలో అలా అయితే ప్రాణం మీదకి వస్తుంది. అందుకని లోడర్ పని చేసేటప్పుడు వెనక రోటవేటర్ (మట్టిని గుల్ల చేసే సామాను) తగిలించుకుంటున్నాం, ఆరడుగులది, నాలుగు వందల కిలోల పైనే ఉంటుంది. తగిలించడం దానికదే ఒక పని. మా ట్రాక్టర్ కింది లింకులకి, అంటే వెనక సామాను తగిలించే రెండు చేతులకి, రంధ్రం 28 ఎంఎం, రోటవేటర్ పిన్నులు 22 ఎంఎం. మధ్యలో బుష్షు వెయ్యాలి, ఆ బుష్షులు ఎప్పుడూ ఎక్కడో పడిపోతాయి. బుష్షు లేకుండా తగిలిస్తే పిన్ను ఆడి ఆడి లింకు బాల్ పాడైపోతుంది. ముందు ఎడమ లింకు తగిలించి, తర్వాత కుడి లింకు, ఎందుకంటే ఎత్తు సరిచేసుకునే హ్యాండిల్ కుడి పక్కే ఉంటుంది, ఆఖరున టాప్ లింకు. ఈ వరస తప్పితే గంటసేపు రివర్సు, ముందుకి, రివర్సు. ఇంకొక్క మాట, రోటవేటర్‌ని బరువు కోసమే తగిలించినప్పుడు పీటీవో షాఫ్ట్ (ట్రాక్టర్ నుంచి రోటవేటర్‌ని తిప్పే కడ్డీ) ఊడదీసి పక్కన పెట్టండి. నిమిషానికి 540 చుట్లు తిరిగే షాఫ్ట్ అది. దాని పక్కన తువ్వాలు, లుంగీ, చీర కొంగు ఏది తగిలినా మనిషిని లాక్కుంటుంది, చెయ్యి తీసుకునే టైము కూడా ఉండదు. పైన ప్లాస్టిక్ గార్డు విరిగిపోతే ఖర్చుకి వెనకాడకుండా కొత్తది వేయించండి.

ఇప్పుడు ఆయిల్ ఫిల్టర్ సంగతి.

మా బండికి 250 గంటలకోసారి ఇంజన్ ఆయిల్, ఫిల్టర్ మార్చాలని బుక్కులో ఉంది. బకెట్ పెట్టినప్పుడు గంటల మీటరు 1130. జూన్ మొదటివారానికి 1250 అయింది. తొలకరి పడితే ఇక బండికి ఊపిరి ఆడదు, అంతలోపు సర్వీసు అయిపోవాలని మా ఊరి మేస్త్రిని పొద్దున ఏడింటికి పిలిచాను. ఇంజన్ కాసేపు నడిపి వేడెక్కాక డ్రెయిన్ నట్టు విప్పాం. ఆయిల్ నల్లగా టబ్బులోకి దిగిపోయింది. తర్వాత మేస్త్రి ఫిల్టర్ మీద చెయ్యి వెయ్యబోయి ఆగిపోయాడు. "అన్నా, ఇదెట్టా వస్తది?" అన్నాడు.

మా బండికి ఫిల్టర్ ఇంజన్ కుడి పక్కన అడ్డంగా ఉంటుంది, బయటికి చూస్తూ. దానికి ఎదురుగా ఆ ప్లేటు. ఫిల్టర్ అడుగుకీ ప్లేటుకీ మధ్య నా చూపుడు వేలు కూడా పట్టనంత సందు. పైనుంచి చెయ్యి పెడదామంటే డీజిల్ పైపులు, కింద నుంచి పెడదామంటే లోడర్ హైడ్రాలిక్ పైపులకి వేసిన క్లాంపు. మేస్త్రి దగ్గరున్న చైన్ పానా లోపలికి పోలేదు. కప్పు పానా ఫిల్టర్ తల మీద కూర్చోవాలి, దానికి చోటే లేదు. చివరికి పాత ఫ్యాన్ బెల్టు ముక్క ఒకటి కోసి, కింద నుంచి ఫిల్టర్ చుట్టూ తిప్పి, చివరలు రెండూ ఒక రాడ్‌కి చుట్టి మెలి తిప్పాడు. రేకు కొంచెం నొక్కుకుపోయింది కానీ ఫిల్టర్ కదిలింది. ఒక చుట్టు, రెండు, మూడు. మూడో చుట్టు తర్వాత ఠక్కున ప్లేటుకి తగిలి ఆగిపోయింది. ఫిల్టర్ ఎక్కే స్టడ్డు (మరలున్న కడ్డీ) ఆ సందు కంటే పొడవు. ఇంకా నాలుగైదు మరలు దాని మీదే ఉండగానే ఫిల్టర్ ప్లేటుని తన్నుకుని నిలబడిపోయింది. రబ్బరు వాషర్ వదులైంది, లోపల మిగిలిన వేడి ఆయిల్ సెల్ఫ్ మోటార్ మీద నుంచి ధారగా కారుతోంది, ఫిల్టర్ బయటికి రాదు.

మళ్ళీ వెనక్కి బిగించేసి కొత్త ఆయిల్ పోద్దామా అంటే, మేస్త్రి ఒప్పుకోలేదు. ఒకసారి వదిలిన పాత రబ్బరు మళ్ళీ పట్టుకుంటుందన్న నమ్మకం లేదు, చేలో ఆయిల్ ప్రెషర్ లైటు వెలిగితే ఇంజన్ పోతుంది అన్నాడు. సరైన మాట. పైగా అది వేసవంతా రోటవేటర్ దుమ్ములో తిరిగిన బండి. ఫిల్టర్ నిండిపోతే ఇంజన్ ఆగిపోదు, అదే మోసం. లోపల బైపాస్ వాల్వు తెరుచుకుని ఆయిల్‌ని వడకట్టకుండానే బేరింగులకి పంపిస్తుంది. బయటికి ఏమీ తెలియదు, లోపల అరిగిపోతూ ఉంటుంది.

దాంతో లోడర్ ఊడదియ్యడమే దారి అయింది. బండి కదిలే పరిస్థితి లేదు, ఆయిల్ లేదు కదా. వేపచెట్టు కిందికి తీసుకెళ్ళలేం, చైన్ పుల్లీ కట్టలేం. కొబ్బరి దుంగలు రెండు తెచ్చి బకెట్ చేతుల కింద పెట్టి, జాకీలు ఎత్తి, ప్లేటు బోల్టులు ఆరూ విప్పేసరికి మధ్యాహ్నం రెండున్నర. మా బావమరిది కాలి మీద జాకీ జారబోయింది, దేవుడి దయ వల్ల ఏం కాలేదు. ప్లేటు పక్కకి జరగగానే ఫిల్టర్ చేత్తో తిప్పితేనే ఊడొచ్చింది. దాని రబ్బరు వాషర్ మాత్రం దాంతో రాలేదు, ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోయింది. మేస్త్రి కొత్త ఫిల్టర్ ఎక్కించేముందు అక్కడ వేలు పెట్టి చుట్టూ తడిమాడు కాబట్టి తెలిసింది. తెలియక దాని మీదే కొత్తది బిగించి ఉంటే రెండు రబ్బర్లు ఒకదాని మీద ఒకటి పడి, ఇంజన్ స్టార్ట్ చెయ్యగానే ఆయిల్ మొత్తం బయటికి చిమ్మేది. కొత్త ఫిల్టర్ రబ్బరుకి వేలితో ఆయిల్ రాసి, రబ్బరు తగిలాక చేత్తోనే ముప్పావు చుట్టు బిగించాడు. పానా ముట్టుకోలేదు. మంచి మేస్త్రి అంటే అలా ఉండాలి.

అసలు సంగతి అప్పుడు బయటపడింది. ఊడదీసిన ప్లేటు వెనక వైపు డీజిల్ గుడ్డతో తుడుస్తుంటే పెయింటు కింద గుద్దిన నంబరు ఒకటి కనిపించింది. ఇంట్లోకి వెళ్ళి బిల్లు తెచ్చి చూశాను. బిల్లులో బ్రాకెట్ సెట్ నంబరు చివర 4 ఉంది, ప్లేటు మీద చివర 7 ఉంది. అంటే మా బండిది కాదు అది. అదే ట్రాక్టర్ కంపెనీది ఇంకో మోడల్‌కి చేసిన ప్లేటు. రంధ్రాలు కలవకపోవడానికీ, బోల్టులు వారం వారం లూజవ్వడానికీ, ఫిల్టర్‌కి దారి మూసుకుపోవడానికీ అన్నిటికీ కారణం ఒక్కటే. ఆటోలో ఏది చేతికి తగిలితే అది తెచ్చి, పట్టకపోతే గ్యాస్ పెట్టి కోసి పట్టించారు.

డీలర్‌కి ఫోన్ చేస్తే మొదట "ఫిల్టర్ అంటే ట్రాక్టర్ వాళ్ళ పని కదండీ, మాకేం సంబంధం" అన్నాడు. ట్రాక్టర్ సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే "బయట సామాను బిగించుకున్నారు, మేము ముట్టుకోం సార్" అన్నారు. అడకత్తెరలో పోకచెక్కలా అయింది నా పరిస్థితి. బిల్లు ఫొటో, ప్లేటు నంబరు ఫొటో పక్కపక్కన పెట్టి వాట్సాప్‌లో పంపాను. అది చూశాక మాట మారింది. "పొరపాటు జరిగిందండీ, సరైన సెట్ తెప్పిస్తాం" అన్నాడు. తెప్పించడానికి 19 రోజులు పట్టింది. ఆ 19 రోజులూ లోడర్ కొబ్బరి దుంగల మీదే ఉంది, చివరి ఎనిమిది ట్రక్కుల ఎరువు మనుషుల చేత మోయించాం. దాని మీద నాకు కోపం ఇంకా ఉంది. తొలకరికి ముందు రైతుకి 19 రోజులంటే ఏమిటో అమ్మేవాళ్ళకి తెలియంది కాదు.

రెండోసారి వేరే ఫిట్టర్ వచ్చాడు, నడివయసు మనిషి. టార్క్ రెంచ్ తెచ్చుకున్నాడు, బిగిసినప్పుడు టిక్ మని ఆగేది. కొత్త ప్లేటు ఆరు బోల్టులూ చేత్తో తిప్పితేనే లోపలికి పోయాయి, గడ్డపార అవసరం లేదు. ఆ ప్లేటుకి ఫిల్టర్ ఎదురుగా గుండ్రంగా ఒక కిటికీ ఉంది, దాని చుట్టూ బలం కోసం పట్టీ వెల్డింగ్ చేసి ఉంది. ఆ కిటికీలోంచి నా చెయ్యి మణికట్టు దాకా పోయింది. చూడగానే ఒక పక్క సంతోషం, ఒక పక్క కడుపు మంట. కంపెనీలో ఎవరో మెకానిక్ కష్టం తెలిసిన మనిషే దాన్ని తయారుచేశాడు, ఆయన చేసిన మంచి పని మా ఇంటికి రావడానికి మూడున్నర నెలలు పట్టింది. వెళ్ళేముందు లేబర్ 3500 అడిగారు, ఇవ్వలేదు. ఆయిల్ ఖర్చు, మేస్త్రి రోజు కూలి వాళ్ళు ఇవ్వలేదు.

కొనబోయే వాళ్ళకి చెప్పేది ఏమిటంటే, డబ్బులు మొత్తం ఇచ్చేముందు, బిగింపు అయిపోయాక, ఫిట్టర్ చేతే మీ ఆయిల్ ఫిల్టర్ ఒకసారి విప్పించి కొత్తది పెట్టించండి. మాటలు కాదు, విప్పి చూపించమనండి. అలాగే డీజిల్ ఫిల్టర్, ఆయిల్ మట్టం చూసే డిప్ స్టిక్, రేడియేటర్ డ్రెయిన్, బ్యాటరీ, వీటన్నిటికీ చెయ్యి పోతుందో లేదో మీరే పెట్టి చూడండి. ప్లేటు మీద నంబరు, బిల్లు మీద నంబరు బిగించకముందే కలిపి చూసుకోండి. రంధ్రం కలవలేదని గ్యాస్ కటింగ్ తీస్తే పని అక్కడే ఆపెయ్యండి, రాత్రి ఎంతయినా సరే. ఇంకా, ఇప్పటికే లోడర్ ఉన్నవాళ్ళు ఆయిల్ మార్చేటప్పుడు ముందు ఫిల్టర్ బయటికి రావడానికి చోటు ఉందో లేదో చూసుకుని తర్వాతే డ్రెయిన్ నట్టు ముట్టుకోండి. చోటు లేకపోతే ఆయిల్ ఉన్న బండిని షెడ్డుకి నడుపుకుని వెళ్ళొచ్చు. ఆయిల్ దించేసిన బండి ఎక్కడుందో అక్కడే.

ఫిల్టర్ చేతికి అందకపోతే వచ్చే ఇంకో నష్టం మా కారు దగ్గర చూశాను. డీజిల్ కారు, కింద కవరు విప్పితే గానీ ఫిల్టర్ కనిపించదు. రోడ్డు పక్క షెడ్డులో ఆయిల్ మార్పించాం, ఫిల్టర్ కూడా మార్చామని బిల్లు వేశారు. తర్వాతిసారి వేరే చోట కవరు విప్పితే ఫిల్టర్ మీద అంతకుముందు సర్వీసులో రాసిన తేదీ అలాగే ఉంది. కష్టమైన చోట ఉంటే మార్చకుండానే మార్చామని చెప్పే వాళ్ళు ఉంటారు. అందుకే ఇప్పుడు కారుకైనా ట్రాక్టర్‌కైనా కొత్త ఫిల్టర్ మీద మార్కర్‌తో తేదీ, మీటరు రాసి, ఫొటో తీసి పెట్టుకుంటున్నాను.

మార్కులు అడిగితే, బకెట్‌కి ఐదుకి నాలుగున్నర, బిగింపుకి ఒకటి, అది కూడా రెండోసారి వచ్చిన ఆయన కోసం. మీటరు ఇప్పుడు 1738. ఇంకో పన్నెండు గంటల్లో ఆయిల్ మార్చాలి, కొత్త ప్లేటు వచ్చాక ఇది రెండోసారి. 1500 దగ్గర మార్చినప్పుడు ఆ కిటికీలోంచి చెయ్యి పెట్టి మేస్త్రి ఫిల్టర్ విప్పి, కొత్తది బిగించి, చెయ్యి తుడుచుకునేసరికి ఇంట్లో పెట్టిన టీ ఇంకా మరగలేదు.